మిరపకోతల తర్వాత పగడపు దిబ్బలకు

గుంటూరు నగరం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన, కర్కాటక రేఖకు చాలా దక్షిణంగా, ఉష్ణమండలంలోనే ఉంది. అక్కడి నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక తీరం సుమారు 60 కిలోమీటర్లు కాగా, చీరాల వారికి వాడరేవు, ఒంగోలు వారికి కొత్తపట్నం ఇంకా దగ్గర. కార్తీక పౌర్ణమి నాడు ఈ తీరాలన్నీ సముద్రస్నానాలకు వచ్చిన జనంతో నిండిపోతాయి. అయినా వీపున గాలి సిలిండరు కట్టుకొని, వెచ్చని సముద్రంలో పగడపు దిబ్బల మధ్య చేపలతో పాటు ఈదాలంటే, అంటే స్కూబా డైవింగు చేయాలంటే, ఈ ప్రాంతం వారు వందల కిలోమీటర్లు ప్రయాణించవలసిందే. ఇందుకు కారణం ఇక్కడి నదులే. హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే కృష్ణ, దక్షిణాన ఒంగోలు ప్రాంతంలో కలిసే గుండ్లకమ్మ ఏటా మెత్తని ఒండ్రును మోసుకొచ్చి తీరంలో దింపుతాయి. డెల్టా మాగాణికి బలమిచ్చిన ఆ ఒండ్రే సముద్రపు నీటిని మడ్డిగా మార్చి, సూర్యరశ్మి అడుగుకు చేరకుండా చేస్తుంది. వెలుతురు చేరని చోట దిబ్బలు కట్టే పగడం బతకదు.

పగడం అనగానే తెలుగువారికి నవరత్నాల ఉంగరంలోని ఎర్రరాయి గుర్తుకొస్తుంది. నిజానికి అది రాయి కాదు, లోతైన నీళ్లలో పెరిగే ఒక సముద్రజీవి కట్టుకున్న సున్నపు అస్థిపంజరం. దానికి బంధువులైన వేరే పగడపు జీవులు వెచ్చని, తక్కువ లోతు గల తేట నీటిలో లక్షలాదిగా ఒకదానినొకటి అంటిపెట్టుకొని పెరిగి, తరతరాల అస్థిపంజరాల మీద కొత్త తరం నిలిచి, చివరకు కిలోమీటర్ల పొడవున్న గోడలను కడతాయి; వీటినే పగడపు దిబ్బలంటారు. ఈ జీవుల కణజాలంలో కంటికి కనిపించని నాచు నివసిస్తూ ఎండ సాయంతో ఆహారం తయారుచేసి వాటికి పెడుతుంది కాబట్టి వెలుతురు వాటికి అన్నంతో సమానం. భారతదేశంలో ఇటువంటి పెద్ద దిబ్బలు అండమాన్ నికోబార్ దీవులు, లక్షదీవులు, తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ అనే నాలుగు చోట్ల ఉన్నాయి.

పగడంతో ఈ తీరానికి గల సంబంధం మాత్రం చాలా పాతది. చీరాలకు దక్షిణంగా ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో దేశాంతర ఓడలు ఆగిన రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం, తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని చెప్పి, ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని పరదేశ వర్తకులకు మాట ఇచ్చింది. సుంకం చెల్లించవలసిన సరుకుల జాబితాలో కర్పూరం, ముత్యాలు, పట్టునూలుతో పాటు పగడాలు కూడా ఉన్నాయి. నేడు చట్టం వేరుగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దిబ్బలు కట్టే పగడాలకు మొదటి షెడ్యూలులో చోటిచ్చింది కాబట్టి, ఒడ్డున దొరికిన ఎండు ముక్కనైనా సంచిలో వేసుకొని ఇంటికి తేవడం నేరమవుతుంది. సముద్ర యాత్రకు వెళ్లే ప్రతి కుటుంబమూ పిల్లలకు ముందే చెప్పవలసిన విషయమిది.

స్కూబా అనే మాట, నీటి అడుగున శ్వాసించడానికి స్వయంగా మోసుకుపోయే పరికరం అనే అర్థమున్న ఇంగ్లీషు పదాల తొలి అక్షరాల కూర్పు. 1943లో ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కుస్తో, ఇంజనీరు ఎమిల్ గన్యాన్ కలిసి, మనిషి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతుకు తగిన ఒత్తిడితో గాలిని అందించే రెగ్యులేటరును తయారుచేయడంతో ఈ విద్య సామాన్యులకు అందే దారి పడింది. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు గాని, సాధారణంగా అందులో నింపేది మనం పీల్చే మామూలు గాలే. జిన్నింగు మిల్లులో గదినిండా పరుచుకున్న దూదిని ప్రెస్సులో అదిమి 170 కిలోల బేలుగా కట్టినట్లే, సుమారు 2,200 లీటర్ల గాలిని అదిమి 11 లీటర్ల సిలిండరులోకి ఎక్కిస్తారు. లోతుకు పోయేకొద్దీ ప్రతి శ్వాసకూ ఎక్కువ గాలి ఖర్చవుతుంది కాబట్టి, ఒడ్డున గంటకు పైగా వచ్చే సిలిండరు 18 మీటర్ల లోతులో, ఆందోళనతో వేగంగా శ్వాసించే కొత్తవారికి అరగంటకన్నా ముందే అయిపోవచ్చు.

ఈ తేడా వెనుక ఉన్నది నీటి ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర మన మీద ఉండే గాలి ఒత్తిడిని ఒక పాలు అనుకుంటే, సముద్రంలో ప్రతి 10 మీటర్లకు మరొక పాలు కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర అది రెట్టింపై, పైనుంచి తీసుకెళ్లిన బెలూను సగానికి కుంచించుకుపోతుంది. పల్నాడు ఊళ్లలో మోటబావుల్లోను, సాగర్ కాలువల్లోను ఈత నేర్చి, ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి పిడికెడు మట్టి తెచ్చిన గజ ఈతగాళ్లకు ఈ ఒత్తిడి చెవుల్లో పోటుగా పరిచయమే. వారికున్న ధైర్యం స్కూబాలో అక్కరకొస్తుంది గాని, వారి అలవాటు ఒకటి ఇక్కడ ప్రాణాంతకం. బావిలో మునిగినవాడు ఊపిరి బిగబట్టాలి. సిలిండరు గాలి పీల్చేవాడు ఎన్నడూ బిగబట్టరాదు. 10 మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది కాబట్టి, నోరు మూసి పైకి లేచినవారి ఊపిరితిత్తులు చిరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే శిక్షణలో మొదటి పాఠమూ చివరి పాఠమూ ఎడతెగకుండా శ్వాసించడమే. చెవుల విషయంలో కూడా నిదానం కావాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కి దిగేటప్పుడు చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే విచ్చుకోవడం ప్రకాశం జిల్లా వారందరికీ అనుభవమే. నీళ్లలో అదే మార్పు కొండ మీదకన్నా ఎన్నోరెట్లు వేగంగా జరుగుతుంది కాబట్టి, నొప్పి మొదలు కాకముందే, దిగుతున్నంతసేపూ ముక్కు మూసుకొని మెల్లగా గాలి ఊదుతూ చెవులను సరిచేసుకోవాలి. జలుబున్న రోజున ఇది సాధ్యం కాదు. అప్పుడు పడవెక్కకపోవడమే సరైన నిర్ణయం.

ప్రయాణపు తేదీలను నేరుగా ప్రభావితం చేసేది మాత్రం నత్రజని. లోతులో ఎక్కువ ఒత్తిడితో పీల్చిన గాలిలోని నత్రజని కొద్దికొద్దిగా రక్తంలోను, కండరాల్లోను కరిగిపోతుంది. గోలీసోడాలో వాయువు కరిగి ఉన్నంతసేపూ కనిపించదు, గోలీని ఒక్కసారిగా నొక్కితే బుసబుసా పొంగుతుంది. మనిషి లోతు నుంచి వేగంగా పైకి వస్తే కరిగిన నత్రజని అదే విధంగా బుడగలై కీళ్లలో తీవ్రమైన నొప్పిని, ఒక్కొక్కసారి పక్షవాతాన్ని కలిగిస్తుంది. అందుకే నిమిషానికి సుమారు 9 మీటర్లకు మించకుండా మెల్లగా లేచి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి పైకి రావడం ఆచారం. ఒడ్డుకు చేరాక కూడా ఒంట్లో కొంత నత్రజని మిగిలే ఉంటుంది. విమానం ఎగిరినప్పుడు లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, ఒక్కసారే మునిగినవారు కనీసం 12 గంటలు, వరుసగా పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదని డైవింగు వైద్య నిపుణుల సూచన. ఆచరణలో దీనికి ఒక నిండు రోజు కేటాయించడం మేలు. ఈ రోజును ముందుగా లెక్కలో వేసుకోకుండా తిరుగు టికెట్టు కొనడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ఎవరు మునగవచ్చు అన్నది డబ్బు కన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స, అదుపులో లేని మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా నీళ్లలో దిగరాదు. శిక్షణ సంస్థలు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నపత్రంలో ఇవన్నీ ఉంటాయి. అబద్ధం రాసి సంతకం పెట్టే అవకాశం ఉన్నా, ఆ అబద్ధం ఫలితం 18 మీటర్ల లోతులో బయటపడుతుంది. గుంటూరు ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. మిరప కల్లాల్లో, యార్డులో, శీతల గిడ్డంగుల దగ్గర నెలల తరబడి ఘాటు మధ్య పనిచేసినవారిలో దగ్గు, ఎగశ్వాస ఉంటే, సీజను ముగిసిన మర్నాడే సముద్రానికి వెళ్లకుండా, ఊపిరితిత్తుల వైద్యునికి చూపించుకొని, అవసరమైన పరీక్షలు చేయించుకొని బయల్దేరడం మంచిది.

డైవింగులో రెండు మెట్లున్నాయి. మొదటిది శిక్షకుడు చేయి పట్టుకొని తీసుకెళ్లే పరిచయ డైవు. గరిష్ఠంగా 12 మీటర్ల వరకు ఉండే ఈ డైవులో ఈత రానివారినీ కొన్నిచోట్ల అనుమతిస్తారు. రెండవది ఓపెన్ వాటర్ అనే ప్రాథమిక కోర్సు. సుమారు 3 నుంచి 4 రోజులు సాగే ఇందులో పాఠాలు, కొలనులో గాని నిశ్చలమైన నీళ్లలో గాని అభ్యాసం, సముద్రంలో నాలుగు డైవులు ఉంటాయి. 200 మీటర్లు ఆగకుండా ఈదడం, 10 నిమిషాలు నీటి మీద తేలి ఉండడం రావాలి. 10 ఏళ్లు నిండిన పిల్లలూ చేరవచ్చు. 1966లో అమెరికాలో మొదలైన పాడీ, 1970లో మొదలైన ఎస్.ఎస్.ఐ. వంటి సంస్థలు ఇచ్చే ఈ కార్డు ప్రపంచమంతటా చెల్లుతుంది, దానితో పెద్దలు 18 మీటర్ల వరకు మునగవచ్చు. ఆపై కోర్సుతో 30 మీటర్లకు, ప్రత్యేక శిక్షణతో 40 మీటర్లకు పోవచ్చు. వినోదం కోసం మునిగేవారికి అంతకు మించిన లోతు లేదు. విదేశంలో దిబ్బలు చూడాలని వేలు ఖర్చుపెట్టి వెళ్లి, సెలవు రోజుల్లో సగం అక్కడి తరగతి గదిలో గడపడం కన్నా, కార్డును స్వదేశంలోనే సంపాదించి వెళ్లడం అన్నివిధాలా తెలివైన పద్ధతి.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది ఈ మెట్ట ప్రాంతంలో పంటతో ముడిపడిన ప్రశ్న. బంగాళాఖాతం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోను తుఫాన్లకు పేరుపొందింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఇక్కడి పెద్దవారు మరిచిపోలేదు. స్వదేశంలో దిబ్బలున్న అండమాన్‌లో సముద్రం తేటగా, నిలకడగా ఉండేది సాధారణంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు, నైరుతి రుతుపవనాలు మాత్రం కేరళకన్నా ముందు మే మూడో వారానికల్లా అక్కడికి చేరతాయి. పత్తి ఒక్కటే వేసిన రైతుకు చివరి తీత జనవరితో ముగుస్తుంది గనుక ఫిబ్రవరి నెల అతనికి అన్నివిధాలా అనుకూలం, సముద్రం కూడా అప్పుడే అందంగా ఉంటుంది. మిరప రైతుకు ఆ వీలు లేదు. జనవరిలో మొదలైన కోతలు, కల్లంలో ఎండబెట్టడం, తాలు ఏరడం, టిక్కీలు యార్డుకు తోలడం మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు వచ్చే మే నెలలోనే అండమాన్‌కు వానలు వస్తాయి. బడి పిల్లల సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి కాబట్టి, మిరప పండించే కుటుంబం పిల్లలతో కలిసి వెళ్లగలిగేది ఏప్రిల్ ఆఖరు నుంచి మే రెండో వారం వరకు, అంటే దాదాపు రెండు వారాలే. అప్పటి ఎండకు నీళ్లు 30 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. వేడి మరీ పెరిగితే పగడం తన నాచును వెలివేసి తెల్లబారిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ దిబ్బలు ఇలా తీవ్రంగా దెబ్బతిన్నాయి, 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇటువంటి తెల్లబారుడు సాగుతున్నదని ప్రకటించారు. వేసవిలో వెళ్లేవారు తమకు కనిపించే దిబ్బ ఆరోగ్యాన్ని ఈ ఎరుకతో చూడాలి.

మొదటి డైవుకు అండమాన్‌ను ఎంచుకోవడానికి ఒక కారణం భాష. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో ప్రతి నూరుమందిలో సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు; శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎక్కువ. 2024లో శ్రీవిజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ చేపలరేవు దగ్గర తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి ఓడలున్నా ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది, అవి రోజూ ఉండవు. అందువల్ల ఎక్కువమంది చెన్నై నుంచో హైదరాబాదు నుంచో విమానంలోనే వెళ్తారు. రైలులో చెన్నై సుమారు 300 కిలోమీటర్లే కాబట్టి ఒంగోలు వారికి ఆ దారి అనుకూలం. డైవింగు కేంద్రాలు ఎక్కువగా ఉన్నది 2018 చివర స్వరాజ్ ద్వీప్‌గా పేరు మార్చిన హావ్‌లాక్ దీవిలో. శ్రీవిజయపురం నుంచి అక్కడికి ఫెర్రీలో సుమారు రెండు గంటలు, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున ఫెర్రీలు ఆగిపోతాయి. ఒడ్డు నుంచే నడిచి దిగగలిగే నీమో రీఫ్ కొత్తవారికి తగినది కాగా, ప్రవాహాలున్న డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటివి కార్డూ అనుభవమూ ఉన్నవారికే. ఆదివాసుల రక్షిత ప్రాంతాలకు వెళ్లడం నిషిద్ధం, మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న తీరాల్లో దిగరాదు.

విమానం ఎక్కకుండా ఆగవలసిన ఆ ఒక్క రోజును శ్రీవిజయపురంలో గడిపేవారికి 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలు ఉంది. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడిన వారిలో కొందరు అండమాన్ ప్రవాసం అనుభవించారు. తెలుగువారు చూసి తీరవలసిన చోటది.

అంత దూరం వద్దనుకునేవారికి విశాఖపట్నంలో రుషికొండ తీరం నుంచి డైవింగు శిక్షణ, విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర మునిగిపోయిన ఓడ శిథిలాన్ని చూపించే ఏర్పాటు నడిచాయి. అక్కడ దిబ్బలు లేవు, నీళ్ల తేటదనం రోజును బట్టి మారుతుంది; బెదురు తీరడానికి మాత్రం బాగుంటుంది. లక్షదీవులకు స్వదేశీయులకూ ప్రవేశ అనుమతి పత్రం కావాలి.

విదేశం విషయానికొస్తే, శ్రీలంకకు ఒక సౌకర్యం ఉంది. హిక్కడువ ఉన్న పడమటి, దక్షిణ తీరాలు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, త్రికోణమలై ఉన్న తూర్పు తీరం మే నుంచి సెప్టెంబరు వరకు అనుకూలం కాబట్టి, మే నెలలోగాని తీరిక దొరకని మిరప కుటుంబానికి సముద్రం అక్కడ తెరిచే ఉంటుంది. ఆ తూర్పు తీరానికి ఆంధ్రతీరంతో ఒక చారిత్రక బంధం కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన జపాను నౌకాదళ దండయాత్రలోనే, మూడు రోజుల తర్వాత బట్టికలోవా ఎదుట బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ మునిగింది. 50 మీటర్లకు పైగా లోతులో ఉన్న ఆ శిథిలం సాధారణ కార్డు గలవారికి అందనిది, ప్రత్యేక సాంకేతిక శిక్షణ పొందినవారే దాన్ని చూడగలరు. మాల్దీవుల్లో ఈశాన్య గాలుల కాలమైన జనవరి నుంచి ఏప్రిల్ వరకు నీళ్లు తేటగా ఉంటాయి, అక్కడి చట్టం 30 మీటర్లకు మించి మునగనివ్వదు. థాయిలాండ్‌లో సిమిలన్ దీవులను మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసివేస్తారు. చవకగా కోర్సు చేయడానికి పేరుపడ్డ కోహ్ తావ్ దీవి మరో వైపు సముద్రంలో ఉంది కాబట్టి దాని రుతువు వేరు. వీసా నిబంధనలు తరచు మారుతుంటాయి గనుక టికెట్టుకు ముందు ఆయా దేశాల అధికారిక సమాచారం చూసుకోవాలి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి స్కూబా ప్రమాదాలు వర్తించవు. బుడగల జబ్బుకు ఒత్తిడి గదిలో చేసే చికిత్స ఖరీదైనది కాబట్టి, డైవింగు పేరు స్పష్టంగా రాసి ఉన్న బీమాయే తీసుకోవాలి. కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ధర అడిగే ముందు అడగవలసినవి మూడు: ఒక శిక్షకునికి ఎందరిని అప్పగిస్తారు, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా, దగ్గరి ఒత్తిడి గది ఎక్కడుంది. జవాబు తడబడితే వేరే కేంద్రం చూసుకోవాలి.

నీటి అడుగున చూపు కూడా మారుతుంది. ముసుగు అద్దంలోంచి చూస్తే చేప మూడో వంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. వెలుగులోని రంగుల్లో ఎరుపును నీరు అన్నిటికన్నా ముందు మింగేస్తుంది. గుంటూరు కల్లంలో కళ్లు జిగేలుమనిపించే ఎర్రని తేజ మిరపకాయను పది పన్నెండు మీటర్ల లోతుకు తీసుకెళ్తే అది నలుపు తిరిగిన గోధుమరంగులో కనిపిస్తుంది, టార్చి వేయగానే ఎరుపు తిరిగి వస్తుంది. లోతులో నీలంగా, చప్పగా కనిపించిన దిబ్బ మీద వెలుగు పడగానే రంగులు మేలుకోవడం డైవింగులో అతి మనోహరమైన క్షణం. చేతి సైగల్లోనూ ఒక తేడా ఉంది. ఒడ్డున బాగుందని చూపించే బొటనవేలు నీళ్లలో పైకి పోదామనే సైగ, బాగుందని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది మరిచినవారిని శిక్షకుడు మధ్యలోనే పైకి తీసుకొచ్చేస్తాడు.

ఈత రానివారు వచ్చే సీజనుకు సిద్ధం కావాలంటే కావలసినంత సమయమే ఉంది. జూలై, ఆగస్టుల్లో మిరప నారు పోసే వేళకు శిక్షకుడున్న ఈతకొలనులో పేరు నమోదు చేయించుకొని వారానికి మూడు రోజులు సాధన చేయండి. సంక్రాంతి నాటికి 200 మీటర్లు ఆగకుండా ఈదగలిగితే, అప్పుడు వైద్యుణ్ని కలిసి, ఆ తర్వాతే టికెట్టు కొనండి.